మోచేతి కొలత

బల్ల ఇంటికి వచ్చిన రోజున దాని ముందు అందరూ కూర్చుని చూశారు, దాని ముందు కూర్చుని పని చెయ్యాల్సిన మనిషి తప్ప. ముందు ఆమె భర్త కూర్చున్నాడు. తర్వాత బల్ల చేసిన వడ్రంగి, అంటే ఆమెకు స్వయానా బావగారు, కూర్చుని అటూ ఇటూ ఊగి ఎంత గట్టిగా ఉందో చూపించాడు. ఆ తర్వాత దాన్ని మోసుకొచ్చిన ఇద్దరిలో ఒకడు కూడా "ఒక్కసారి సార్" అంటూ కూర్చుని, చేతులతో చెక్క నిమిరి లేచాడు. ఆమె గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉండిపోయింది.

ఈవిడ సంగతి చెప్పాలంటే ముందు చెవుల సంగతి చెప్పాలి. పాటల రికార్డింగు పనిలో ఉన్నవాళ్ళంతా ఆమెను పాముచెవులక్క అంటారు. ఒకే స్టూడియోలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. పాడేవాళ్ళు పాడి వెళ్ళిపోతారు, వాయించేవాళ్ళు వాయించి వెళ్ళిపోతారు. ఆ గొంతుల్నీ వాద్యాల్నీ ముందు పెట్టుకుని, ఏది ఎంత వినపడాలో, ఏది వెనక్కి తగ్గాలో చూసి, పాటను పాటలా నిలబెట్టే మిక్సింగ్ పని ఆమెది. పాడుతున్నప్పుడు పక్క గదిలో ఎవరో తాళాలగుత్తి కదిపితే, ఏ చరణంలో ఏ మాట దగ్గర కదిపారో కూడా చెప్పేది. ఇంతా చేస్తే పాట మీద పడేది స్టూడియో ఓనరు పేరు. ఆ మహానుభావుడికి డోలుకీ డ్రమ్ముకీ తేడా తెలియదు, కానీ పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో పడాలి. ఇరవై రెండేళ్ళు ఓర్చుకుని, ఒక పొద్దున చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టి, "రేపట్నుంచి రానండీ" అని చెప్పి వచ్చేసింది. అప్పటికామెకు నలభై ఏడేళ్ళు.

వచ్చేటప్పుడు చేతిలో ఒకే ఒక్క పని ఉంది. పిల్లల పాటల కంపెనీ ఒకటి పన్నెండు పాటలు మిక్సింగ్ చెయ్యమని అప్పగించింది. నెల గడువు. పాటల మీద ఆమె పేరే వేస్తామని రాసి మరీ ఇచ్చారు. ఈ పన్నెండూ బాగా వస్తే ఆమె తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. చెడితే మళ్ళీ ఆ ఓనరు గుమ్మం ఎక్కి చేతులు నలుపుకుంటూ నిలబడాలి. ఆ ఊహకే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

వీధి వైపు గది ఖాళీ చేసింది. గోడలకి మందపాటి దుప్పట్లు కట్టింది, తలుపుకి పాత పరుపు బిగించింది. కంప్యూటరూ, రెండు మంచి స్పీకర్లూ తెచ్చుకుంది. ఇక కావలసింది బల్ల ఒక్కటే. ఈ పనికి ఏదో ఒక బల్ల అంటే కుదరదు. స్పీకర్లు రెండూ సరిగ్గా చెవుల ఎత్తులో ఉండాలి. స్పీకరు పై భాగంలో చిన్న గిన్నెలాంటిది ఒకటుంటుంది. సన్నటి, పదునైన శబ్దాలన్నీ దాన్నుంచే వస్తాయి, తిన్నగా ముందుకే పోతాయి. చెవి దానికి ఎదురుగా ఉంటే ఉన్నది ఉన్నట్టు వినపడుతుంది. చెవి బాగా కిందికి ఉంటే ఆ పదునంతా నెత్తి మీదుగా పోయి, పాట మెత్తగా ముద్దలా వినపడుతుంది.

మొదట కొట్టుకే వెళ్ళారు. ఆమె టేపు పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని బల్లల కింద కొలతలు తీస్తుంటే, కొట్టువాడు ఆమె భర్తనడిగాడు.

"ఏ ఆఫీసుకి సార్?"

"నాకు కాదండీ, మా ఆవిడకి."

"అలా చెప్పండి మరి!" అని కొట్టువాడు వాళ్ళని కుట్టుమిషన్ల బల్లల వైపు నడిపించాడు.

ఆమె పళ్ళు నూరుకుని, వెనక్కి వచ్చి, తనకి కావలసిన బల్ల తనే వెతుక్కుంది. ఏ హంగూ లేని నున్నటి చెక్క, పొట్టి కాళ్ళు, కూర్చుంటే అరచేతులు హాయిగా ఆనాయి. ఇదే కొందామంది. భర్త నీళ్ళు నమిలాడు. "ఇంట్లో వడ్రంగిని పెట్టుకుని కొట్లో బల్ల కొంటే అన్నయ్య మొహం ఎలా చూడను?" అన్నాడు. ఆసుపత్రి స్టోర్సులో మందుల పెట్టెలు చూసుకునే నెమ్మదైన మనిషి, ఎవరి మొహమూ చూడలేకపోవడం ఆయనకి పుట్టుకతో వచ్చిన గుణం. ఆమె మొహం ఎలా చూస్తాడన్న ఆలోచన మాత్రం ఆయనకి రాలేదు. ఆమె ఆ రోజే కొనేసి ఉండాల్సింది.

బావగారి చేతిపనికి వంక పెట్టలేం. ముప్ఫై ఏళ్ళుగా దుకాణాల కౌంటర్లు చేస్తున్నాడు. బజారులో సగం కౌంటర్లు ఆయన చేతి మీదుగా వచ్చినవే. అయితే ఆయనకో పద్ధతుంది. చెక్కకి టేపు, మనిషికి మోచెయ్యి. కొట్టుకి చేస్తే కొట్టు యజమానినీ, ఇంటికి చేస్తే ఇంటాయన్నీ కూర్చోబెట్టి, మోచెయ్యి మడిపించి, ఒక సన్నటి కర్ర మీద పెన్సిలు గీత పెట్టుకుంటాడు. ఆ గీత నుంచే కింద కాళ్ళూ, పైన అరలూ లెక్కకడతాడు. ఆ పద్ధతి ఆయనకి ఆయన గురువు నేర్పింది, ఆ గురువుకి ఇంకెవరో నేర్పింది. ఎవరూ ఎందుకని అడిగిన పాపాన పోలేదు.

ఆమె బొమ్మ గీసి, కొలతలన్నీ రాసిన కాగితం ఇచ్చింది. కూర్చున్నప్పుడు నేల నుంచి తన చెవి దాకా నలభై ఒక్క అంగుళాలని అడుగున గీత గీసి మరీ రాసింది. బావగారు చూసి, "బొమ్మ బాగా వేశావమ్మా" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. వేసుకుని, తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోమన్నాడు.

"బావగారూ, కూర్చునేది నేనండీ."

"నువ్వే కూర్చుంటావు, ఎవరు కాదన్నారు? వస్తువు ఇంటిది కదమ్మా. ఇంటి వస్తువుకి ఇంటాయన కొలతే తీస్తాం. రేపు నువ్వీ పని మానేసినా వాడు వాడుకుంటాడు."

చెప్పండి, ఈ మాటకి ఏం సమాధానం ఇవ్వాలి? పని ఇంకా మొదలే కాలేదు, అప్పుడే మానేసిన తర్వాత బల్ల ఎవరికన్నది తేలిపోయింది! ఆమె నాలుగడుగుల పది అంగుళాలు. ఆయన ఆరడుగులకి ఒక అంగుళం తక్కువ. సాయంత్రం భర్తతో చెప్పింది. "అన్నయ్యతో మాట్లాడతాలే" అన్నాడు. అన్నయ్య అక్కడే ఉన్నాడు, తమ్ముడూ అక్కడే ఉన్నాడు, మాట మాత్రం నోరు దాటి బయటికి రాలేదు.

అలా తయారైన బల్ల ఇది. తళతళలాడే టేకు. స్పీకర్లకి రెండు గూళ్ళు, వాటి కొలతకి సరిగ్గా సరిపోయేట్టు చెక్కాడు. మధ్యలో, పలక కింద, తాళం వేసుకునే గల్లా సొరుగు. దానికి పైనుంచి చిల్లర వెయ్యడానికి సన్నటి కంత కూడా ఉంది. పాటలు చేసుకునే మనిషికి గల్లా ఎందుకని అడిగితే, "గల్లా లేని బల్ల నా చేతుల్లోంచి ఇంతవరకూ బయటికి పోలేదమ్మా" అన్నాడు గర్వంగా.

చివరికి ఆమె వంతు వచ్చింది. కూర్చుంటే మోచేతులు కోడిరెక్కల్లా పైకి లేచాయి. స్పీకర్లు తలకి జానెడు పైన ఉన్నాయి.

"ఇవి నా నెత్తి మీదున్నాయండీ" అంది.

"రెండు దిండ్లు వేసుకుంటే సరి" అన్నాడు భర్త.

దిండ్లు వేసుకుంది. తొడలు గల్లా సొరుగు కింద ఇరుక్కుపోయాయి. దిండ్లు తీసేసింది. పోనీ స్పీకర్లని కాస్త కిందికి వంచి పెట్టమంది. గూళ్ళలో వెంట్రుక దూరే సందు కూడా లేదని, అలా వదులుగా చెయ్యడం తనకి చేతకాదని బావగారు నొచ్చుకున్నాడు. భర్త ఆమెను పక్కకి పిలిచి, "పాపం, నాలుగు రోజులు కొట్టు మూసుకుని చేశాడు. కాస్త సర్దుకో" అన్నాడు.

ఆమె సర్దుకుంది. అక్కడ తప్పు ఆమెది కూడా. ఇరవై రెండేళ్ళు నలిగిన చెవులు జానెడు ఎత్తుకే తప్పుతాయా అనుకుంది. పైగా సర్దుకోవడం అలవాటైపోయిన మనిషి, ఎంత పొగరున్నా, ముందు సర్దుకుని తర్వాతే తిట్టుకుంటుంది. పని మొదలుపెట్టింది. పాట మెత్తగా వినపడితే పదును కొంచెం పెంచింది. ఇంకా మెత్తగానే ఉంటే ఇంకొంచెం పెంచింది. రెండు వారాల్లో అయిదు పాటలు చేసి పంపింది.

మూడోరోజు కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. మర్యాదస్థుడే, గొంతులో మాత్రం జాలి వినపడింది.

"మేడం, ఏమీ అనుకోకండి. పాటలు వింటుంటే చెవుల్లో సూదులు గుచ్చినట్టుందండీ. మా ఆఫీసులో పిల్లలకి వినిపిస్తే చెవులు మూసుకున్నారు."

"సూదులా? నా దగ్గర అలా లేదే!"

"అదేనండీ నా భయం కూడా. వయసు పెరిగేకొద్దీ సన్నటి శబ్దాలు వినపడటం తగ్గుతుందట. మీ పాత ఓనరుగారితో మాట్లాడాను. ఆయన కూడా, ఈమధ్య ఆవిడ చెవి కొంచెం దెబ్బతింది, నేనే సరిచేసుకుంటూ వచ్చాను అన్నారు. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి మేడం. ఇంకో వారం చూస్తాను. కుదరకపోతే పని ఆయనకే ఇస్తాను."

ఫోన్ పెట్టేశాక ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేనే సరిచేసుకుంటూ వచ్చానా! పాట మొదలైందో అయిపోయిందో పక్కవాణ్ణి అడిగి తెలుసుకునే మనిషి! కానీ ఆ మంట కింద సన్నగా భయం కూడా పాకింది. చెవి పోతే పోయిందని చెవికే తెలియదు కదా. భర్తతో చెబితే, "వయసన్నాక ఎవరికైనా తప్పదులే" అని ఓదార్చబోయాడు. ఆమె చూసిన చూపుకి ఆ ఓదార్పు అక్కడే ఆగిపోయింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అద్దాల డబ్బాలాంటి చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆమె కళ్ళు మూసుకుని వేలు మీట మీద పెట్టుకుంది. శబ్దాలు సన్నబడుతూ, దారప్పోగులా, ఉందా లేదా అన్నట్టు వచ్చాయి. అన్నిటికీ నొక్కింది. డాక్టరమ్మ కాగితం మీద గీతలు చూసి అడిగింది.

"మీ వయసులో ఇంత బాగా వినేవాళ్ళని ఈమధ్య చూడలేదండీ. అసలెందుకొచ్చారు?"

ఈమె దణ్ణం పెట్టి లేచింది. కాగితం తీసుకుని మెట్లు దిగి వచ్చింది. సగం మెట్ల దాకా సంతోషం, అక్కణ్ణుంచి కోపం. చెవులు బాగుంటే మరి ఏడుపంతా ఎక్కడుంది?

ఇంటికొచ్చి మొదటి పాట పెట్టింది. మెత్తగా, తీయగా ఉంది. సూదీ లేదు, గుచ్చుకోవడమూ లేదు. వీధిలో ఎవరో హారన్ మోగిస్తుంటే కిటికీ మూద్దామని, పాట ఆపకుండానే లేచింది. సగం లేచేసరికి చెవిలో సూది దిగింది. కూర్చుంది, పోయింది. లేచింది, మళ్ళీ దిగింది. కూర్చుంది. లేచింది. అలా ఏడెనిమిదిసార్లు లేచి కూర్చుంటుండగా భర్త తొంగిచూశాడు.

"ఏమిటీ గుంజిళ్ళు?"

"మీరిలా వచ్చి కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. నాలుగు క్షణాలు విని మొహం చిట్లించాడు. "అబ్బ, చెవులు చిల్లులు పడేట్టున్నాయి. ఇది నీకు వినపడట్లేదూ?"

"మీకు వినపడుతుందండీ. బాగా వినపడుతుంది. మీకు వినిపించడానికేగా ఈ బల్ల చేసింది! మొదటిరోజే చెప్పాను, నా నెత్తి మీదున్నాయని. సర్దుకోమన్నారు. మీరు కూర్చోని బల్లకి మీ కొలత, దాని ముందు కూర్చునేదాని చెవి పోయిందని ఊరంతా చాటింపు! నిన్న నేను ఏడ్చాను, తెలుసా మీకు? నా చెవులు నిజంగానే పోయాయనుకుని స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇప్పుడే మీ అన్నయ్యని పిలవండి."

బావగారు సంచీతో సహా వచ్చాడు. విషయం విని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చేసిన వస్తువు కాళ్ళు నరకడం తన ఇంటా వంటా లేదన్నాడు. "అయినా తమ్ముడు సరేనంటే చూద్దాం" అని తమ్ముడి వైపు తిరిగాడు. తమ్ముడు తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"ఆయన్ని అడుగుతారేంటండీ? ఇదిగో, నా చెవులు నిక్షేపంగా ఉన్నాయని డాక్టరు రాసిచ్చిన కాగితం. అంతకుముందు నేనిచ్చిన కాగితం ఏది? నలభై ఒక్క అంగుళాలని రాసిచ్చింది?"

బావగారు అలవాటుగా జేబు తడుముకున్నాడు. అది ఎప్పుడో చొక్కాతో పాటు ఉతుక్కు వెళ్ళి ముద్దయిపోయిందని ఒప్పుకున్నాడు.

ఆమె ఆయన సంచీలోంచి రంపం తీసి బల్ల మీద పెట్టింది. "మీరు కోస్తారా, నన్ను కొయ్యమంటారా? నేను కోస్తే వంకరటింకరగా వస్తుంది. ఎవరడిగినా బావగారి చేతిపనే అని చెబుతాను."

ఆ మాటకి మాత్రం ఆయన రంపం అందుకున్నాడు. కొలత తియ్యడానికి మళ్ళీ తంటా వచ్చింది. మరదలి మోచెయ్యి కొలవడం ఆయన ముప్ఫై ఏళ్ళలో ఎరగడు. మొహం పక్కకి తిప్పుకుని, బారెడు దూరం నుంచి కర్ర చాపి, "ఇక్కడికా? ఇంకా కిందికా?" అని గోడని అడుగుతున్నట్టు అడిగాడు. ఆమె కర్ర లాక్కుని గీత తనే పెట్టింది. కాళ్ళు నాలుగు అంగుళాలు తెగాయి, గూళ్ళ కింది పట్టీలు ఇంకో నాలుగు తెగాయి. గల్లా సొరుగు ఊడి మూలకి చేరింది. స్పీకర్లు వచ్చి ఆమె చెవులకి ఎదురుగా నిలిచాయి. మొదటి పాట పెడితే, దాన్ని మిక్సింగ్ చేసిన తనకే చెవులు మూసుకోవాలనిపించింది.

నాలుగు రోజుల్లో అయిదు పాటలూ మళ్ళీ చేసింది. అయిదూ పంపలేదు, ఒక్కటే పంపింది. అరగంటలో మేనేజరు ఫోన్ చేశాడు.

"మేడం! ఇదీ పాటంటే! డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినట్టున్నారు. మందు బాగా పనిచేసిందండీ."

"వెళ్ళాను. మందేమీ ఇవ్వలేదు. నా చెవుల్లో ఏ లోపమూ లేదని రాసిచ్చారు. బల్ల ఎత్తు తప్పు, సరిచేశాం. ఆ కాగితం మీకు పంపుతున్నాను. మీరు ఓనరుగారికి ఫోన్ చేసి అది చదివి వినిపించండి. వినిపించి, ఆయనేమన్నారో నాకు చెప్పండి. మిగతా పాటలు అప్పుడు పంపిస్తాను."

"మేడం, పోనివ్వండి, ఆయన ఏదో మాటవరసకి..."

"నా అన్నం మీద మాటవరసకి మాట్లాడతారా? చదివి వినిపించండి."

గంట తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. చదివి వినిపించాడట. ఓనరు కాసేపు దగ్గి, తనకి అర్జెంటు పనుందని పెట్టేశాడట. మిగిలిన ఏడు పాటలూ ఆమెవేననీ, గడువు ఇంకో పది రోజులు పెంచామనీ, పేరు అనుకున్నట్టే పడుతుందనీ మేనేజరు గబగబా చెప్పాడు. ఆమె మిగతా నాలుగూ పంపింది.

ఆ పూట బావగారు కోసిన కాళ్ళ అంచులకి గరుకు కాగితం రుద్ది పాలిష్ పెట్టడానికి వచ్చి ఉన్నాడు. మాటలన్నీ విన్నాడు. "నెగ్గావమ్మా. ఆ సంతోషంలో ఒక టీ ఇప్పించు" అన్నాడు. హాల్లో పేపరు చదువుతున్న భర్త, "నాక్కూడా" అన్నాడు. చాలా రోజుల తర్వాత మనసు తేలికపడి, ఆమె వంటింట్లోకి వెళ్ళింది. రోజూలాగే గట్టు ముందున్న చెక్కపీట ఎక్కింది, స్టవ్ వెలిగించింది, గిన్నె పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

తన కాళ్ళ కింద పీట వైపు చూసుకుంది. భుజం ఎత్తుకి వచ్చిన తన మోచెయ్యి వైపు చూసుకుంది.

"బావగారూ," అని అక్కణ్ణుంచే పిలిచింది. "ఈ వంటింటి గట్టు ఎవరు కట్టించారు?"

"నేనేనమ్మా. కింది అరలన్నీ నా చేతివే, పైన రాయి నేనే దగ్గరుండి పరిపించాను. మీ పెళ్ళైన ఏడాది కదూ?"

"ఎవరి మోచెయ్యి?"

గదిలో గరుకు కాగితం చప్పుడు ఆగింది. "తమ్ముడిదే" అన్న మాట వినపడింది.

పందొమ్మిదేళ్ళు. పందొమ్మిదేళ్ళుగా రెండు పూటలా పీట ఎక్కి దిగింది. రెండుసార్లు జారిపడింది. భుజాల నొప్పికి తైలాలు రాసుకుంది, మాత్రలు మింగింది, అత్తవారింటి చుట్టాలు పొట్టిదని నవ్వితే తనూ కలిసి నవ్వింది. ఎవరి కొలతకి ఆ గట్టు కట్టారో ఆ మనిషి దాని ముందు ఒక్క పూట నిలబడి ఒక్క చెంచా కదిపింది లేదు.

ఆమె స్టవ్ ఆర్పేసింది. పీట దిగి, దాన్ని చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి, భర్త చేతిలో పేపరు తీసి పక్కన పెట్టింది.

"లేవండి. ఆ గట్టు మీ కొలతకి చేసింది. టీ మీరు పెట్టండి."

"నాకు రాదే!"

"మీకు సరిగ్గా సరిపోతుంది. ఒంగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. వెళ్ళండి."

ఆయన, గదిలోంచి హాల్లోకి వచ్చిన అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య పాలిష్ డబ్బా మూత బిగించడంలో మునిగిపోయాడు. ఇక చేసేది లేక లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఆమె తన గదిలోకి వెళ్ళి, బల్ల ముందు కూర్చుని, ఆరో పాట తెరిచింది. వంటింట్లో మూతలు తీస్తున్న చప్పుడు, పెడుతున్న చప్పుడు, ఏదో కిందపడ్డ చప్పుడు వినిపించాయి. "టీపొడి ఎక్కడుంది?" అని ఒక కేక, కాసేపాగి ఇంకో కేక వినిపించాయి. ఆమె పాట శబ్దం కాస్త పెంచింది.

కొంతసేపటికి బావగారు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కర్ర ఉంది, కర్ర మీద పాత గీతలన్నీ గీకేసి ఉన్నాయి. ఈసారి గోడ వైపు చూడకుండా ఆమె వైపే చూశాడు.

"అమ్మా, ఒకసారి వంటింట్లోకి వచ్చి నిలబడతావా? నీ కొలత తీసుకుంటాను."

"ఈ పాట అయ్యాక వస్తానండీ," అంది ఆమె. "కాసేపు కూర్చోండి."